భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే, బడి సెలవుల్లో చిన్న ఆడపిల్లల్ని ఎలా చూసుకోవాలి?

మీరు అడిగింది ఇది: పెద్దమ్మాయికి ఎనిమిదేళ్లు, చిన్నమ్మాయికి ఐదు, ఇద్దరూ ఆఫీసులకు వెళ్లేవాళ్లే, ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు, ఏం చేయాలి అని. చివర్లో ఒక మాట కలిపారు, "పెద్దది చాలా బాధ్యత గల పిల్ల, చెల్లిని బాగా చూసుకుంటుంది" అని. ఆ ఒక్క మాట చూసే నేను జవాబు రాయడానికి కూర్చున్నాను. 2024 మార్చిలో అచ్చంగా ఇదే మాట నేను మా ఆఫీసులో కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

మాకూ ఇద్దరు ఆడపిల్లలే. అప్పుడు పెద్దది మూడో తరగతి, చిన్నది యూకేజీ. తార్నాకలో అద్దెకుంటాం. నేను సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, మా ఆయనది చర్లపల్లి వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకి మార్చి అంటే 31వ తేదీ తప్ప ఇంకేమీ కనపడదు. సరిగ్గా అదే నెలలో, 15వ తేదీన, ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి పన్నెండున్నరకి వదిలితే ఆటోలో ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటారు, నేను వచ్చేసరికి ఏడు దాటుతుంది. ఆ ఆరు గంటలూ ఎలా గడిచేవంటే, తాళం కింద పోర్షన్‌లో ఓనర్ ఆంటీ దగ్గర ఉండేది, ఆవిడ తలుపు తీసి "తినండమ్మా" అని చెప్పి, తన పనుల మధ్యలో అప్పుడప్పుడూ పైకొచ్చి చూసి వెళ్లేవారు. మిగతాదంతా మా పెద్దదే చేసేది. చెల్లి షూ విప్పడం, కాళ్లూ చేతులూ కడిగించడం, పెరుగన్నం కలిపిపెట్టడం, బాత్రూంకి తీసుకెళ్లడం, పడుకోబెట్టడం. రెండింటికి ఫోన్ చేస్తే "తిన్నాం మమ్మీ, చెల్లి కూర కారం ఉందన్నది, నేను నెయ్యి వేసిన" అని చెప్పేది. ఎంత తెలివైన పిల్ల పుట్టింది నాకు అని కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

ఏప్రిల్‌లో ఒకరోజు, పక్కింటి పిల్లలంతా సెలవులకి ఇంకా ఎన్ని రోజులో లెక్కపెట్టుకుంటుంటే, ఇది వచ్చి "మమ్మీ, సెలవుల్లో కూడా స్కూల్ పెడితే బాగుంటది కదా" అంది. చదువంటే ఇష్టం అనుకున్నాను. అంతకన్నా ఎక్కువ ఆలోచించలేదు.

ఏప్రిల్ 23న ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. క్లాస్ టీచర్ మార్కులు చూపించి, తర్వాత ప్రేమగా తెలుగు నోట్సు తీసి ఒక పేజీ చూపించారు. వేసవి సెలవుల్లో మీరేం చేస్తారో ఐదు వాక్యాలు రాయమని పిల్లలకి చెప్పారట. మా పెద్దది రాసింది ఇది: "నేను ఇంట్లో ఉంటాను. చెల్లికి అన్నం పెడతాను. చెల్లిని ఏడవకుండా చూసుకుంటాను. చెల్లి పడుకున్నాక ఆడుకుంటాను. చప్పుడు కాకుండా ఆడుకుంటాను." కింద ఎర్ర ఇంకుతో వెరీ గుడ్, పక్కన ఒక స్టార్. టీచర్ మురిసిపోయారు, నేనూ అక్కడ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ ఆఖరి రెండు వాక్యాలు నన్ను వదల్లేదు. ఆ రాత్రి మా ఆయనకి చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మనం దీన్ని పనిలో పెట్టినం" అన్నారు. నిజం అదే. జీతం లేని పనిలో పెట్టాం, పైగా మంచి పిల్ల అని పొగుడుతూ పెట్టాం, ఎక్కడ వద్దంటే మంచి పిల్ల కాకుండా పోతానో అని అది వద్దనలేదు.

అందుకే మీకు ముందుగా చెప్పేది, సమ్మర్ క్యాంపా, ఊరా అన్నది తర్వాత చూసుకోవచ్చు, మొదట పెద్దపిల్లని ఆ లెక్కలోంచి తీసేయండి. ఎనిమిదేళ్ల పిల్ల ఉంది కదా అని ఒక్క గంట కూడా లెక్కవేయొద్దు. అది ప్రమాదం కూడా. గ్యాస్ ఉంటుంది, సంపు ఉంటుంది, బాల్కనీ ఉంటుంది, కరెంటు పోతుంది, ఎవరో వచ్చి బెల్లు కొడతారు. మా ఇంట్లో ఏమీ జరగలేదు, అది మా అదృష్టం, అంతే.

మేము ఏం చేశామో చెప్తాను. మా ఆయన సూపర్‌వైజర్‌తో మాట్లాడి సెలవులన్ని రోజులూ పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఉండే షిఫ్టు అడిగి తీసుకున్నారు, మూడింటికల్లా ఇంటికొచ్చేవారు. ఇంక పొద్దున తొమ్మిదిన్నర నుంచి మూడు వరకే చూసుకోవాలి. దానికి డే కేర్ మాట్లాడాం. అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం, అక్కాచెల్లెళ్లిద్దర్నీ ఎక్కడికైనా కలిపి పంపడం మానేయడం. మా అత్తమ్మ వాళ్లది జనగామ దగ్గర పల్లె. ఇదివరకు ఇద్దర్నీ కలిపే పంపేవాళ్లం, అక్కడ కూడా "చెల్లి ఎటు పోయింది చూడు" అనే మాట పెద్దదాని మీదే పడేది. ఆ ఏడాది మొదటి పది రోజులు పెద్దది ఒక్కతే వెళ్లింది. అది తిరిగొచ్చాక చిన్నది పది రోజులు వెళ్లింది. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది కదా, పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్సుల్లో ఆడవాళ్లకీ ఆడపిల్లలకీ టికెట్ డబ్బులు లేవు, కాబట్టి అత్తమ్మ సంచిలో ఆధార్ కార్డు పెట్టుకుని ఉప్పల్ దాకా వచ్చి ఒకదాన్ని దింపి ఇంకోదాన్ని తీసుకెళ్లారు. అన్నిసార్లు టికెట్ కొని తిరగాలంటే ఈ ఆలోచన మాకు వచ్చేదే కాదేమో.

అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "నేను నా తమ్ముళ్లను సంకన వేసుకొని పెంచిన, మేం పెరగలేదా" అన్నారు. పెద్దావిడ మాటలో అబద్ధం లేదు. కానీ ఆమె తమ్ముళ్లని ఎత్తుకుని తిరిగిన వాడలో ప్రతి గడపకీ ఒక మనిషి ఉండేది, పిల్లవాడు ఏడిస్తే ఎవరో ఒకరు అందుకునేవాళ్లు. ఇక్కడ తలుపేసిన ఇంట్లో ఒక పిల్ల, ఇంకో పిల్ల. నేను వాదించలేదు, ఆ నోట్సు తీసి చదివి వినిపించాను. అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "పెద్దదాన్ని రేపే తీస్కపోత" అన్నారు.

ఊళ్లో పెద్దది ఏం చేసిందంటే, నిద్రపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా పడుకుందనే చెప్పేవారు, పొద్దున తొమ్మిది దాకా, మళ్లీ మధ్యాహ్నం ముంజలు తిని ఇంకోసారి. నాకు భయమేసి జ్వరమేమో చూడండి అన్నాను. జ్వరం లేదు. నాలుగు రోజులు అలా పడుకుని ఐదో రోజు నుంచి ఆటలు మొదలుపెట్టింది, ఇంక మామిడితోటలోంచి ఇంటికి పిలిస్తే రాలేదట.

ఇక్కడ చిన్నది మొదటి రెండు రాత్రులూ అక్క కావాలని ఏడ్చింది. మూడో రోజు నుంచి డే కేర్‌లో తన చేత్తో తిన్నది. వారం తిరిగేసరికి గౌను గుండీలు తనే పెట్టుకుంది. ఇవన్నీ దానికి ముందే వచ్చు, చేసుకోనిచ్చినవాళ్లు లేరు, అక్క ముందే చేసేసేది కాబట్టి. చిన్నదానికీ ఒక బాధ ఉందని అప్పుడే తెలిసింది, బ్యాగు అక్కది, టిఫిన్ డబ్బా అక్కది, గౌన్లు అక్కవి. జూన్‌లో ఒకటో తరగతికి కొత్త బ్యాగు కొన్నాం, కొన్న రోజు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంది.

చిన్నది ఊళ్లో ఉన్న పది రోజుల్లో పెద్దదాన్ని జీహెచ్ఎంసీ సమ్మర్ కోచింగ్ క్యాంపులో షటిల్‌కి వేశాం. మున్సిపల్ గ్రౌండ్లలో పొద్దున్నే ఎండ ఎక్కకముందు నేర్పిస్తారు, ఫీజు చాలా తక్కువ, ఆరేళ్లు నిండినవాళ్లని తీసుకుంటారు. మీ చిన్నమ్మాయికి ఐదే కాబట్టి ఎలాగూ తీసుకోరు, అదే మంచిది, పెద్దమ్మాయికి తనదంటూ ఒకటి ఉంటుంది. మా పెద్దది పక్కింటి బాబుతో పాటు వాళ్ల నాన్న బండి మీద వెళ్లొచ్చేది. చిన్నది ఊరి నుంచి వచ్చాక నేనూ వస్తానని ఏడ్చినా మేము కరగలేదు.

ఒక ఆదివారం మా ఆయన పెద్దదాన్ని ఒక్కదాన్నే సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్లారు (శుక్రవారం మూసేస్తారు, చూసుకోండి). అక్కడ పెద్ద గడియారంలోంచి గంటకోసారి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, పన్నెండింటికైతే పన్నెండు కొడుతుందని జనమంతా ముందే కూర్చుంటారు. అంతకుముందు ఏడాది ఇద్దరితో వెళ్లినప్పుడు సరిగ్గా అదే సమయానికి చిన్నది బాత్రూం అంటే అక్కే తీసుకెళ్లింది, బొమ్మని చూడలేదు. ఈసారి ముందు వరసలో కూర్చుని పన్నెండూ లెక్కపెట్టింది. తర్వాత మేలిముసుగు రెబెక్కా దగ్గర ఆగిపోయిందట. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో పాలరాతిలో చెక్కిన బొమ్మ అది, రాతి ముసుగు వెనక ముఖం కనపడుతుంది. "రాయి కదా నాన్నా, లోపలికి ఎట్ల కనపడతది" అని అడిగి, ఇటు నుంచోసారి అటు నుంచోసారి తిరిగి చూస్తూ ఎంతసేపటికీ కదల్లేదట. ఇంటికొచ్చి నాకు చున్నీ కప్పి అలా నిలబడమంది. ఆ పిల్లలో అలాంటి చూపు ఉందని మాకు అంతవరకు తెలియదు, ఎప్పుడూ దాని చెయ్యి ఇంకో చేతిలో ఉండేది కాబట్టి.

అక్కాచెల్లెళ్లకి ప్రేమ తగ్గుతుందేమో అని మీకు అనిపించవచ్చు, నాకూ ఆ భయం ఉండేది. ఊరి నుంచి చిన్నది దిగిన సాయంత్రం ఇద్దరూ మంచం కింద దూరి దుప్పటితో ఇల్లు కట్టుకుని ఎంత గోల చేశారంటే ఓనర్ ఆంటీ పైకి వచ్చారు. అంత చప్పుడు మా ఇంట్లో అంతకుముందు వినలేదు నేను.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. డే కేర్ కోసం ఏప్రిల్ 20 దాకా ఆగకండి, ఈ వారమే వెళ్లి మాట్లాడండి, డబ్బులు కట్టే ముందు ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో, ఫ్యాన్లు కూలర్లు నడుస్తున్నాయో లేదో చూడండి. మొదటి వారం ఏ క్యాంపూ పెట్టకండి, పడుకోనివ్వండి. ఊరికి పంపితే జూన్ 8, 9 కల్లా తెచ్చేసుకోండి, 12న బడి తెరిస్తే పొద్దున్నే లేవడం అలవాటు తప్పి ఉంటుంది. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చే రోజు మాత్రం మీ ఇద్దరిలో ఎవరో ఒకరు సెలవు పెట్టి వెళ్లండి, నోట్‌బుక్కులన్నీ ఇంటికి తెచ్చుకోండి, పాతపేపర్ల వాళ్లకి వేసే ముందు మీ పెద్దమ్మాయి తెలుగు నోట్సు మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదవండి.