వాయించమని మాత్రం అడగకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ స్నేహితుడు గిటార్ ముట్టుకుని నాలుగు నెలలైందని, ప్రోగ్రాములు లేక అద్దె కూడా కట్టలేకపోతున్నాడని రాశావు. మనసు కుదుటపడుతుందని రోజుకో పాట పంపుతున్నావట. ముందు ఆ పని మానెయ్.

పాట నీకు మందే, కాదనను. ఆఫీసు నుంచి వచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే నీ తలబరువు దిగిపోతుంది. వాడికి సంగీతమే ఆఫీసు. నువ్వు పంపిన పాటలో వాడికి వినిపించేది ఆ గిటార్ ఎవరు వాయించారు, తననెందుకు పిలవలేదు అన్నదే. నా మణికట్టు పాడై ఏడాదిపాటు కచేరీలు పోయినప్పుడు ఇంట్లో రేడియో పెట్టనిచ్చేవాణ్ణి కాదు. మీ అత్తయ్య కూనిరాగం తీసినా విసుక్కునేవాణ్ణి. "నీకేమయ్యా, వయొలిన్ ఉంది, వాయించుకుంటే బాధలన్నీ పోతాయి" అన్నవాళ్లని చూస్తే ఒళ్లు మండేది.

సంగీతం పనిచేస్తుంది, అనుమానం లేదు. పార్కిన్‌సన్స్ వచ్చి అడుగు పడక గుమ్మంలో ఆగిపోయే మనిషి, తాళం స్థిరంగా వినిపిస్తే ఆ లెక్కకి అడుగులు వేసేస్తాడు. 2011లో అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ తలలోకి తూటా దూసుకెళ్లి మాట పోయింది. నోట మాట రాని ఆవిడ పాట పాడగలిగేది. మాట ఎక్కువగా మెదడు ఎడమవైపు పని, రాగానికి కుడివైపు కూడా సాయపడుతుంది. చికిత్స చేసినవాళ్లు ఆ దారినే మాటలు వెనక్కి తెచ్చారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 3000కి పైగా అధ్యయనాలు పరిశీలించి కళలు ఆరోగ్యానికి మేలు చేస్తాయని నివేదికే ఇచ్చింది. ఆ మేలంతా ఎవరో ఒకరు వేళ్లు కాయలు కాచేదాకా సాధన చేసి అందించినదే. ఆ వేళ్ల సంగతి మటుకు ఏ నివేదికలోనూ పెద్దగా కనపడదు.

ఇక డబ్బు. మాకు ఒకటో తారీఖు లేదు. నెలలో నాలుగు ప్రోగ్రాములు రద్దయితే ఆ నెల లేనట్టే. వాడు అడిగేదాకా ఆగకు, అడగడు. అప్పు అని ఇవ్వకు, నీకు కనపడకుండా తప్పించుకు తిరుగుతాడు. మీ అమ్మాయికి గిటార్ నేర్పమను, మూడు నెలల ఫీజు ముందే చేతిలో పెట్టు. మీ ఆఫీసు వేడుకకి పిలిస్తే ఎంతిస్తారో ఆ ఫోన్‌లోనే చెప్పు, వాడు స్టేజీ దిగేలోపు ఇప్పించు. "సరదాగా నాలుగు పాటలు వాయించు, పేరొస్తుంది" అనే పెద్దమనుషులకి మాత్రం వాడి నంబరు ఇవ్వకు. పేరొచ్చి పస్తులున్నవాళ్లని చాలామందినే చూశాను.

గిటార్ అమ్ముతానంటే అడ్డుపడు. కావాలంటే నువ్వే దాచు, డబ్బిచ్చి నీ ఇంట్లో పెట్టుకో. నేను రెండో వయొలిన్ అమ్ముకున్నాను. అలాంటిది మళ్లీ దొరకలేదు.

ఆదుకునే సంస్థలు ఉన్నాయేమో వెతుకు. 1921లో జెర్వేస్ ఎల్వెస్ అనే గాయకుడు రైలు ప్రమాదంలో పోతే ఆయన పేరిట మిత్రులు పెట్టిన నిధే బ్రిటన్‌లో ఇవాళ్టి హెల్ప్ మ్యుజీషియన్స్. అమెరికాలో మ్యూజికేర్స్ 1989 నుంచి ఉంది. దరఖాస్తు పెట్టడం వాడికి నామోషీగా ఉంటుంది, ఫారం నువ్వు నింపు, సంతకం ఒక్కటే వాణ్ణి పెట్టమను.

చెయ్యి నొప్పా, చెవిలో హోరా అని కూడా అడుగు. మాలో చాలామంది ఇది చెప్పరు. తెలిస్తే ఉన్న ప్రోగ్రాములూ పోతాయని భయం. 85 డెసిబెల్స్ మోతని చెవి ఎనిమిది గంటలు ఓర్చుకుంటుందంటారు, 100 అయితే పావుగంటే. స్టేజీ మీద డ్రమ్ముల పక్కన నిలబడేవాడి గతి నువ్వే ఊహించుకో. పియానో వాయించే లియాన్ ఫ్లైషర్‌కి 1960లలో కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. ఎడమచేతి రచనలు వాయిస్తూ, పాఠాలు చెబుతూ దశాబ్దాలు గడిపి, 1990లలో చికిత్సతో మళ్లీ రెండు చేతులకూ వచ్చాడు. సాధన పెంచితే తగ్గే జబ్బు కాదది. డాక్టరు దగ్గరికి నువ్వే వెంటబెట్టుకెళ్లు. బతకాలని లేదన్న మాట గనక వాడి నోట వస్తే, ఆ రోజు వాణ్ణి ఒంటరిగా వదలకు, ఆ రోజే తీసుకెళ్లు.

నా సంగతి ఎలా తేలిందో చెప్తాను. ఒక మిత్రుడు వచ్చాడు, మృదంగం వాయిస్తాడు. మూల ఉన్న వయొలిన్ పెట్టె తీసి దుమ్ము తుడిచి తెరిచాడు. తీగలు నల్లబడి ఉన్నాయి. ఏమీ అనలేదు. మర్నాడు కొత్త తీగల సెట్టు తెచ్చి "మార్చు, చూస్తాను" అన్నాడు. నాలుగూ ఒకేసారి విప్పితే తీగల్ని ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబడే చిన్న కర్ర కూడా కదిలిపోవచ్చు. అందుకని ఒకటి విప్పి, ఒకటి బిగించి, మళ్లీ ఇంకోటి. గంట పట్టింది. కొత్త తీగ సాగుతుంది కదా, శ్రుతి చేసిన నిమిషానికే దిగిపోతుంది, మళ్లీ చేశాను. కమాను పట్టుకోమని అతను అనలేదు. లేచి వెళ్లిపోయాడు. రాత్రి శ్రుతి దిగిందేమోనని నేనే చూసుకున్నాను.

శనివారం వెళ్తున్నావు కదా, ఒక తీగల సెట్టు పట్టుకెళ్లు. వాయించమని మాత్రం అడగకు.

మీ మామయ్య