టోక్యో డిస్నీ: ఏ రోజు వెళ్తారన్నదే అసలు ఖర్చు

విదేశీ థీమ్ పార్కుల గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువభాగం టోక్యో డిస్నీ మీదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప. టోక్యోలో వారం రోజులుంటాం. డిస్నీల్యాండ్ టికెట్లకు ఎంతవుతుంది? ఎప్పుడు వెళ్తే చౌక?

అక్కడ టికెట్ ధర తేదీని బట్టి మారుతుందండీ. 2023 అక్టోబరులో తెచ్చిన ధరల పట్టిక ప్రకారం పెద్దల ఒకరోజు టికెట్ 7,900 నుంచి 10,900 యెన్ల దాకా, 4–11 ఏళ్ల పిల్లలది 4,700 నుంచి 5,600 దాకా ఉంటుంది. నాలుగేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. మీ నలుగురికీ అన్నిటికన్నా చౌక రోజున 25,200 యెన్లు, అన్నిటికన్నా ఖరీదైన రోజున 33,000. తేడా 7,800, అంటే దాదాపు ఇంకో పెద్ద టికెట్ ఖరీదు.

డబ్బు సంగతి ఒక్కటే కాదు. ధర ఎక్కువగా పెట్టారంటే ఆరోజు జనం బాగా వస్తారని పార్కువాళ్లే లెక్కగట్టారన్నమాట. ఎక్కువ డబ్బిచ్చి, ఎక్కువసేపు వరుసలో నిలబడి, తక్కువ రైడ్లు ఎక్కి వస్తారు. చౌక రోజున వెళ్తే రెండు విధాలా లాభం.

టికెట్లు సరిగ్గా రెండు నెలల ముందు, అదే తేదీన, జపాన్ టైము ప్రకారం మధ్యాహ్నం 2 గంటలకు అమ్మకానికి వస్తాయి. విమానం అంతకన్నా ముందే కొంటారు కాబట్టి ముందు వారాన్ని ఎంచుకోండి, తర్వాత ఆ వారంలో రోజును ఎంచుకోండి. మార్చి చివర–ఏప్రిల్ మొదట్లో బడి సెలవులు, ఏప్రిల్ చివర నుంచి మే 5 దాకా సాగే గోల్డెన్ వీక్ అనే వరుస సెలవులు, ఆగస్టు మధ్యలో పితృదేవతల పండుగ ఓబోన్, కొత్త సంవత్సరం రోజులు వదిలేయండి. ఇవి అందరికీ తెలిసినవే. మామూలు క్యాలెండర్లో ఎర్రగా కనిపించని రోజులు కొన్ని ఉన్నాయి, వచ్చిన చిక్కంతా వాటితోనే. జూన్ 15 చిబా ప్రిఫెక్చర్ (అంటే అక్కడి రాష్ట్రంలాంటిది) దినం, అక్టోబరు 1 టోక్యో దినం, నవంబరు 13 ఇబారకి దినం, నవంబరు 14 సైతామా దినం. ఆ రోజుల్లో ఆయా ప్రాంతాల బడులు చాలావరకు మూసేస్తారు. పిల్లలంతా వచ్చేది ఇక్కడికే. పని రోజు కదా, ఖాళీగా ఉంటుందనుకుని వెళ్లినవాళ్లు చిక్కుకుపోతారు.

మా సలహా: జనవరి రెండో సోమవారం సెలవు రోజు. అది దాటాక వచ్చే మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి. పార్కు టోక్యో అఖాతం ఒడ్డునే ఉంది కాబట్టి గాలి కోసేస్తుంది. పిల్లలకు చెవులు కప్పే టోపీలు, గ్లవ్స్ తప్పనిసరి. ఇంకో మాట. రైడ్లను మరమ్మతులకు మూసేది కూడా ఎక్కువగా ఈ చలి నెలల్లోనే. ఏది ఎప్పుడు మూస్తారో అధికారిక వెబ్‌సైట్లో తేదీలతో సహా ముందే పెడతారు. మీ పిల్లలు కలవరించే రైడ్ ఆ జాబితాలో లేదని చూసుకున్నాకే టికెట్ కొనండి.

ప్రశ్న: సాయంత్రం టికెట్ చౌక కదా, అది తీసుకుంటే?

పని రోజుల్లో 5 గంటల తర్వాత లోపలికి వెళ్లే వీక్‌నైట్ పాస్‌పోర్ట్ గురించి అడుగుతున్నారు. దంపతులకైతే మంచిదే. కానీ దాని ధర పెద్దలకూ పిల్లలకూ ఒకటే. అది 4,500 యెన్లతో మొదలవుతుంది. పిల్లల పూర్తి రోజు టికెట్ మొదలయ్యేది 4,700తో. అంటే పిల్లల మీద మిగిలేది 200 యెన్లు, పోయేది పగలంతా. చిన్నపిల్లలున్న కుటుంబానికి వద్దు.

ప్రశ్న: ఒక్కరోజే కుదురుతుంది. డిస్నీల్యాండా, డిస్నీసీనా?

1983లో తెరిచిన డిస్నీల్యాండ్, 2001లో తెరిచిన డిస్నీసీ పక్కపక్కనే ఉన్నా వేర్వేరు పార్కులు. ఒకరోజు టికెట్‌తో ఒకదాంట్లోకే వెళ్లగలరు. ఏదో తేల్చుకోవడానికి ముందు పిల్లల్ని గోడకానించి ఎత్తు కొలవండి. డిస్నీసీలో ఇండియానా జోన్స్, రేజింగ్ స్పిరిట్స్, జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్ ఎక్కాలంటే 117 సెం.మీ. ఉండాలి. టవర్ ఆఫ్ టెర్రర్‌కు 102. డిస్నీల్యాండ్‌లో బిగ్ థండర్ మౌంటెన్‌కు 102, స్ప్లాష్ మౌంటెన్‌కు 90 చాలు. చిన్నవాళ్లు 117 దాటకపోతే డిస్నీల్యాండే మేలు. అక్కడ సిబ్బంది కొలబద్ద పెట్టి చూస్తారు, ఒక్క సెంటీమీటరు కూడా సడలించరు. వరుస చివర దాకా వెళ్లాక వెనక్కి పంపితే పిల్లలు ఏడుస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

ఒకరికి ఎత్తు సరిపోయి ఇంకొకరికి సరిపోకపోతే రైడర్ స్విచ్ అడగండి. తల్లీదండ్రుల్లో ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవారు చిన్నబిడ్డతో ఉంటారు. తర్వాత వారూ మళ్లీ మొత్తం వరుసలో నిలబడకుండానే ఎక్కవచ్చు.

ప్రశ్న: డబ్బు కట్టి వరుస తప్పించుకునే ప్రీమియర్ యాక్సెస్ కొనాలా?

ఒక్కో రైడ్‌కు ఒక్కొక్కరికి 1,500 నుంచి 2,500 యెన్లు పడుతుంది, పిల్లలకు తగ్గింపు లేదు. 2,000 యెన్ల రైడ్ అయితే నలుగురికి 8,000. చౌక రోజు ఎంచుకుని మిగుల్చుకున్నదంతా ఒక్క రైడ్‌కే పోతుంది. పిల్లలు ప్రాణం పెట్టుకున్నది ఒకటుంటే దానికి మాత్రం కొనండి. అంతకుముందు చేయాల్సింది వేరే ఉంది. 2023 జులై నుంచి కొన్ని రైడ్లకు ఉచిత ప్రయారిటీ పాస్ ఇస్తున్నారు. గేటు దాటాకే పార్కువాళ్ల యాప్‌లో వస్తుంది, రోజుకు ఇన్నే అని ఉంటాయి కాబట్టి అయిపోతాయి. యాప్‌ను ముందే దింపుకుని, అకౌంటు తెరిచి, నలుగురి టికెట్లూ ఒకే ఫోన్లో చేర్చి ఉంచండి. లోపల అడుగుపెట్టిన నిమిషంలోనే తీసుకోండి. ఫోన్లో ఇంటర్నెట్ లేకపోతే ఇదంతా కుదరదు. ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే పనిచేసే సిమ్) మీద పెట్టే ఖర్చు వృథా కాదు. పవర్ బ్యాంక్ కూడా పెట్టుకోండి.

గేట్లు చాలా రోజుల్లో ప్రకటించిన టైము కన్నా ముందే తెరుస్తారు. గంట ముందు అక్కడుంటే తొలి రెండు రైడ్లు పెద్దగా ఆగకుండా అయిపోతాయి. పైసా ఖర్చు లేకుండా ఇంతగా కలిసొచ్చేది మరొకటి లేదు.

ప్రశ్న: బస ఎక్కడ? పార్కు హోటళ్లు మా వల్ల కాదు.

అక్కర్లేదు కూడా. దిగాల్సిన స్టేషన్ మైహామా, జేఆర్ (జపాన్ రైల్వే) వారి కెయియో లైన్ మీద ఉంది. టోక్యో స్టేషన్ నుంచి రైల్లో పావుగంటే. అయితే టోక్యో స్టేషన్లో కెయియో ప్లాట్‌ఫారాలు మిగతావాటికి దూరంగా, భూగర్భంలో ఉంటాయి. నడవడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. నిద్రమత్తులో ఉన్న పిల్లలతో పొద్దున్నే ఆ నడక ఎందుకు? టోక్యోలోని ఊయెనో వైపు బస తీసుకుంటే హిబియా మెట్రో లైన్లో హచ్చోబోరి స్టేషన్ దాకా వచ్చి అక్కడ కెయియో ఎక్కండి. యూరకుచో మెట్రో లైన్ మీదుంటే షిన్‌కిబా స్టేషన్లో కెయియోకు మారండి. ఆరేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో వస్తే, పెద్ద ఒక్కరికి ఇద్దరి దాకా రైలు టికెట్ ఉండదు.

గది బుక్ చేసేటప్పుడు పిల్లల వయసులు దాచకుండా రాయండి. అక్కడ చాలా హోటళ్లు తలకింత అని లెక్కిస్తాయి. పెద్దల మంచం మీదే పడుకునే పిల్లలకు ఉచితం, కానీ వయసు పరిమితి హోటల్ను బట్టి మారుతుంది. ‘సెమీ డబుల్’ అన్న గదులు చౌక, మంచం వెడల్పు 120 సెం.మీ. చుట్టూనే. నలుగురికి అది చాలదు.

పార్కుల చుట్టూ తిరిగే మోనోరైలుకు ఒకవైపు పెద్దలకు 300, పిల్లలకు 150 యెన్లు. డిస్నీల్యాండ్ మైహామా స్టేషన్‌కు ఎదురుగానే ఉంది, నడిచేయండి. డిస్నీసీకి నడిస్తే పావుగంట లోపే. మోనోరైలు వెళ్లేటప్పుడు వద్దు, కాళ్లు పీకే తిరుగు ప్రయాణానికి దాచుకోండి.

ప్రశ్న: భోజనం కట్టుకుని వెళ్లొచ్చా?

లోపలికి టిఫిన్ డబ్బాలు, గాజు సీసాలు, లోహపు డబ్బాల్లోని పానీయాలు అనుమతించరు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, ఫ్లాస్కు ఫరవాలేదు. లోపల తాగునీటి కుళాయిలున్నాయి, నింపుకోండి. పసిపిల్లల ఆహారానికీ, అలర్జీ ఉన్నవారి ఆహారానికీ మినహాయింపు ఉంది. తెచ్చుకున్నది తినాలంటే గేటు బయట పిక్నిక్ స్థలం ఉంది, అదే రోజు మళ్లీ లోపలికి రావచ్చు. లోపలే తినేట్టయితే 11 గంటలకు ముందే కూర్చోండి, 12 దాటితే తిండికీ వరుసే. చేప తినని వారికి ఒక హెచ్చరిక: కూరగాయల వంటకంలా కనిపించే జపాన్ సూపుల్లోనూ ‘దాషి’ అనే చేపల రసం ఉండవచ్చు. అడిగి తెలుసుకోకుండా తినొద్దు.

ప్రశ్న: అధికారిక సైట్లో మా కార్డు తీసుకోవట్లేదు.

విదేశీ కార్డులకు తరచూ ఇలా జరుగుతుంది. ఓటీపీ ధ్రువీకరణ దగ్గర ఆగిపోతుంది. ముందు మీ కార్డుకు అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపులు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. వేరే బ్యాంకు కార్డుతో ప్రయత్నించండి. అదీ కాకపోతే క్లూక్ అనే ట్రావెల్ బుకింగ్ సైట్లో కొనండి. ఎక్కడ కొన్నా తేదీ మార్పు నిబంధన చదివాకే డబ్బు కట్టండి. అధికారిక టికెట్‌కు తేదీ మార్చుకోవచ్చు, కొత్త తేదీ ధర ఎక్కువైతే తేడా కట్టాలి. డబ్బు వాపసు మాత్రం ఇవ్వరు.