రెయిన్‌కోట్ల లెక్క

అల్లుడూ,

గూగుల్‌లో రెయిన్‌కోట్ల ప్రకటనలు ఈ వారమే మొదలుపెట్టేస్తానన్నావు. నువ్వు పంపిన కీవర్డ్ షీటు, అదే జనం గూగుల్‌లో కొట్టే మాటలూ వాటి పక్కన ఎన్నిసార్లు వెతికారన్న అంకెలూ ఉన్నది, చూశాను. పెద్ద అంకెలు పైకి వచ్చేలా సర్ది, మొదటి పది ఏరేశావు. నేనూ మొదట్లో అదే పని చేశాను, అదీ క్లయింటు డబ్బుతో. ఆ నెల బిల్లు ఇప్పటికీ మర్చిపోలేదు. కాస్త ఆగు.

ఆ అంకెలిచ్చే గూగుల్ పనిముట్టు కీవర్డ్ ప్లానర్. అది చూపించే నెలవారీ సెర్చ్‌లు మామూలుగా 12 నెలల సగటు. వానాకాలంలో రెండు నెలలు 30,000 చొప్పున, మిగతా పది నెలలు 1,000 చొప్పున వెతికారనుకో. సగటు 5,800 పైచిలుకు వస్తుంది. కానీ ఏడాదిలో ఏ ఒక్క నెలా 5,800 ఉండదు! దాన్ని నమ్మి రోజువారీ బడ్జెట్ పెడితే, జోరువానలో మధ్యాహ్నానికే డబ్బులైపోయి నీ ప్రకటన మాయమవుతుంది. ప్లానర్ నుంచి షీటు దించుకుంటే ఏ నెలకానెల అంకెలు విడిగా వస్తాయి, అవి చూడు. గూగుల్ ట్రెండ్స్‌లో వెతుకులాట గీత ఎప్పుడు లేవడం మొదలవుతుందో కూడా చూడు. అక్కడ 100 అంటే వంద సెర్చ్‌లు కాదు, నువ్వు ఎంచుకున్న కాలంలో గీత అన్నిటికన్నా పైకి వెళ్లిన చోటు.

ఇంకో సంగతి. నీ షీటులో 'రెయిన్‌కోటు', 'రెయిన్‌కోట్లు' రెండింటికీ అచ్చం ఒకే అంకె ఉంది, గమనించావా? దగ్గరి రూపాలన్నిటినీ ప్లానర్ ఒకే మూట కట్టి, ఆ మూట బరువే అన్నిటికీ చూపిస్తుంది. నువ్వు రెండూ కూడేశావు. వచ్చిన ఒక్కణ్నే రెండుసార్లు లెక్కపెట్టావన్నమాట. పైగా లొకేషన్ దేశం మొత్తానికి పెట్టి ఉంది. నువ్వు సరుకు పంపగలిగేంత మేరకే పెట్టి మళ్లీ తియ్యి. కాంపిటీషన్ దగ్గర 'హై' అని చూసి బెదిరిపోకు, అది ప్రకటనలిచ్చేవాళ్ల మధ్య పోటీ, అంతే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ వెతికేవాళ్లు ఎవరన్నది. ఒక్కో మాటా నువ్వే గూగుల్‌లో కొట్టి, వచ్చిన పేజీ తీరిగ్గా చదువు. ఉత్తి 'రెయిన్‌కోటు' అని కొడితే బొమ్మలు కావాల్సినవాళ్లు, ఉతికే పద్ధతి అడిగేవాళ్లు, కుట్టుకోవాలనుకునేవాళ్లు అందరూ అందులోనే ఉంటారు. 'బైక్ మీదకి రెయిన్‌కోటు పెద్ద సైజు' అన్నదానికి అంకె చిన్నదే, కానీ ఆ మాట కొట్టినవాడు అప్పటికే ఒకసారి తడిసి వచ్చుంటాడు. అలాంటి మాటలు తీసుకో. ఉతకడం, కుట్టడం, బొమ్మ లాంటివి ఇప్పుడే నెగటివ్ కీవర్డ్‌లలో పడెయ్యి, అవి కొట్టినవాళ్లకు నీ ప్రకటన కనబడదు. అలాగని మరీ పొడుగు మాటలు పేర్చకు, ఎవరూ వెతకనివాటికి 'లో సెర్చ్ వాల్యూమ్' అని ముద్ర వేసి గూగుల్ పక్కన పెట్టేస్తుంది.

ఇక డబ్బు లెక్క. నెలకు 2,000 సార్లు ప్రకటన కనబడిందనుకో. నూటికి ఐదుగురు నొక్కితే 100 క్లిక్కులు. వాళ్లలో నూటికి ఇద్దరు కొంటే రెండు కోట్లు. (కోట్లంటే తొడుక్కునేవే, మురిసిపోకు.) ఆ రెండింటి మీద మిగిలే లాభం 100 క్లిక్కుల ఖర్చుకు సరిపోతుందా? క్లిక్ ఖరీదుకు ప్లానర్ 'పేజీ పైభాగపు బిడ్' అని, అంటే ఫలితాల పేజీ పైన కనబడటానికి ప్రకటనదారులు పాడే ధర, రెండు అంకెలిస్తుంది, తక్కువది ఒకటి, ఎక్కువది ఒకటి. నువ్వు ఎక్కువదే వేసుకుని చూడు. కొత్త ఖాతా కదా, సెర్చ్‌లు కూడా ఒక్కోసారి '1 వేయి నుంచి 10 వేలు' అని పదింతల ఎడంతో చూపిస్తుంది. అక్కడ మాత్రం కింది అంకే పట్టుకో.

ఈ లెక్కలో నిలబడ్డ నాలుగైదు మాటలతో, ఫ్రేజ్ మ్యాచ్ (వెతికినదాంట్లో నీ మాట అర్థం ఉంటేనే ప్రకటన కనబడేది), ఎగ్జాక్ట్ మ్యాచ్ (అచ్చం అదే అర్థమైతేనే కనబడేది), ఈ రెండింటిలోనే మొదలుపెట్టు. వారం తిరిగాక సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తీసి నాకు పంపు. జనం నిజంగా ఏం కొట్టి నీ దగ్గరికొచ్చారో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య