డెలివరీ చేసే తమ్ముణ్ణి నెల జీతం ఉద్యోగంలోకి ఎలా తేవాలి?

మీ ప్రశ్న ఇది: ఇంటర్ పాసై డిగ్రీ మధ్యలో ఆపేసిన మీ తమ్ముడు నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. ఉద్యోగం చూసుకోమంటే "ఇంత డబ్బు అక్కడ రాదు" అంటున్నాడు. ఇంట్లోవాళ్లుగా మీరేం చేయగలరు?

అక్కా, ముందు మొదటి జీతం వచ్చేదాకా అతనికి గడిచే ఏర్పాటు చేయండి. రెజ్యూమే, కోర్సులు ఆ తర్వాత. నేను కూకట్‌పల్లి వైపు రైడర్‌గా చేసి, ఇప్పుడు మేడ్చల్ దగ్గర ఒక గోదాంలో డిస్పాచ్ చూస్తున్నాను. నా తర్వాత మా రూమ్ కుర్రాళ్లు కొందరు ఇటే వచ్చారు. చేరి వెనక్కి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. పని చేతకాక వెళ్లినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు, చేతిలో డబ్బు ఆడక వెళ్లారు.

ఎందుకంటే యాప్‌లో పేఔట్, అంటే చేసిన డెలివరీల డబ్బు, వారం వారం పడుతుంది. ఉద్యోగంలో నెల మధ్యలో చేరితే, అటెండెన్స్ లెక్క తేదీ దాటిపోతే, మొదటి పూర్తి జీతం నెలన్నర తర్వాత గానీ రాదు. ఈలోగా రూమ్ అద్దె, బైక్ ఈఎంఐ, ఊరికి పంపే డబ్బు ఆగవు కదా. ఆ టెన్షన్‌లో మళ్లీ యాప్ లాగిన్ చేస్తారు. అందుకే మా రూమ్‌లో ఎవరు ఉద్యోగంలో చేరినా మొదటి నెల అద్దె మిగతావాళ్లం పంచుకునేవాళ్లం. మీరు చేయగలిగిన అతి పెద్ద సాయం కూడా ఇదే. రెండు నెలల ఈఎంఐ, అద్దె పక్కన పెట్టి, "ఇంటికి డబ్బు గురించి ఇప్పుడు ఆలోచించకు" అని గట్టిగా చెప్పండి.

ఇక "ఇంత రాదు" అన్న మాట. అతనితో కూర్చుని కాగితం మీద లెక్క వేయండి. వచ్చిన పేఔట్‌లోంచి పెట్రోలు, సర్వీసింగ్, టైర్లు, ఫోన్ రీచార్జ్, బయట తిండి తీసేయండి. ఒంట్లో బాగోలేక లాగిన్ కాని రోజులు, ఇన్సెంటివ్ తప్పిన వారాలు కూడా లెక్కలోకి రావాలి. మిగిలింది చాలామంది అనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది. ఇటు ఉద్యోగంలో బేసిక్ (అలవెన్సులు కలపని అసలు జీతం) 15,000, మొత్తం 18,000 జీతం అనుకుంటే పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), తెలంగాణ వృత్తి పన్ను 150 కలిపి రెండు వేలకు కాస్త అటూ ఇటూగా కట్ అవుతుంది. కంపెనీ కూడా తన వాటాగా బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ కింద కడుతుంది. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. అతనితో పాటు అతని మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా వైద్యం దొరుకుతుంది. జబ్బు చేసి సెలవు పెడితే, అర్హత వచ్చాక ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. రోడ్డు మీద కాలు విరిగి ఇంట్లో పడున్న రైడర్‌ని దగ్గరుండి చూసినవాడిగా చెప్తున్నాను, ఇది చిన్న విషయం కాదు.

యాప్‌లో రైడర్ ఐడీ నడుస్తున్నప్పుడే అతనితో ఒక పని చేయించండి. యాప్‌లో చేరిన తేదీ, రేటింగ్, మొత్తం ఆర్డర్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి. ఐడీ ఆగిపోతే అవేవీ కనిపించవు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ దొరకడం కష్టం కాబట్టి వారం వారం పేఔట్ పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కట్ అయి ఉంటే అది చూపించే 26ఏఎస్ పత్రం అతనికి ఆధారాలు. ఇంటర్వ్యూలో చాలామంది "ఖాళీగా ఉన్నాను, ఊరికే డెలివరీ చేశాను" అంటారు. నాకు చాలా బాధనిపించే మాట అది. నాలుగేళ్లు టైమ్‌కి ఆర్డర్ అందించాడు, క్యాష్ లెక్క తప్పకుండా కట్టాడు, కోపంగా ఉన్న కస్టమర్‌తో మర్యాదగా మాట్లాడాడు, గల్లీ గల్లీ తెలుసు. డిస్పాచ్‌లో మాకు కావాల్సినవి ఇవే. అలాగే చెప్పమనండి, అలాగే రాయమనండి.

డార్క్ స్టోర్లు (ఆన్‌లైన్ ఆర్డర్లు మాత్రమే పంపే సరుకుల గోదాములు), కొరియర్ హబ్‌లు, మేడ్చల్, శంషాబాద్ వైపు గోదాములు ముందు చూడండి. ఎక్సెల్ కాస్త వస్తే పికింగ్, ప్యాకింగ్ నుంచి త్వరగా ఇన్‌వార్డ్ (లోపలికి వచ్చే సరుకు), డిస్పాచ్ (బయటికి పంపే సరుకు) లెక్కల్లోకి వెళ్లొచ్చు. "సొంత బైక్ ఉండాలి" అనే ఫీల్డ్ ఉద్యోగాలు నాకు నచ్చవు. పెట్రోలు మళ్లీ అతని జేబులోంచే పోతే మారిందేముంది? చేర్చడానికి డబ్బు అడిగే కన్సల్టెన్సీ జోలికి అసలు వెళ్లొద్దు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే, అది అడిగి తీసుకోమనండి. థర్డ్ పార్టీ పేరోల్ అయితే, అంటే జీతం ఇచ్చేది వేరే ఏజెన్సీ అయితే, పీఎఫ్ నెలనెలా పడుతోందో లేదో తనే చూసుకోవాలి.

ఇంకో చిన్న చిక్కు. అసంఘటిత కార్మికులకు ప్రభుత్వం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు మీద ఉండేది కూడా 12 అంకెల యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) అనే నంబరే. హెచ్‌ఆర్ అడిగే పీఎఫ్ యూఏఎన్ వేరు. ఒకటనుకుని రెండోది ఇస్తే పీఎఫ్ ఖాతా దగ్గర పని ఆగిపోతుంది.

డిగ్రీ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పూర్తి చేసుకోవచ్చు. కానీ ఉద్యోగంలో కుదురుకున్నాకే ఫీజు కట్టించండి. షిఫ్ట్ అలవాటు కాకముందే పుస్తకాలు కూడా చేతిలో పెడితే నలిగిపోతాడు.