‘డబ్లినర్స్’: డబ్లిన్ వాసులా, డబ్లిన్ వాళ్లా?

సందేహం: మా కాలేజీ రీడింగ్ గ్రూపు కోసం ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ ‘డబ్లినర్స్’ కథల మీద వ్యాసం రాస్తున్నాను. పేరును తెలుగులో ఎలా చెప్పాలో తేలక మొదటి పేరాలోనే ఆగిపోయాను. ఒకచోట ‘డబ్లిన్ వాసులు’ అని, ఇంకోచోట ‘డబ్లినీయులు’ అని చూశాను. మా ఫ్రెండ్ ‘డబ్లినర్లు’ అంటే చాలంటోంది. ఏది సరైనది? ఆ పుస్తకాన్ని కథాసంపుటి అనాలా, కథాసంకలనం అనాలా? ‘డబ్లినర్స్ 1914లో వచ్చింది’ అనాలా, ‘వచ్చాయి’ అనాలా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ముందు తేలికైనది చూద్దాం. ఒకే రచయిత కథలను ఒకచోట చేరిస్తే సంపుటి. పలువురి కథల్లోంచి ఏరి కూర్చితే సంకలనం. మన సాహిత్య పత్రికలు వాడి వాడి స్థిరపరిచిన తేడా ఇది, నిలుపుకోవలసిన తేడా కూడా. ‘డబ్లినర్స్’లోని 15 కథలూ జాయిస్‌వే కాబట్టి అది కథాసంపుటి.

ఇక పేరు. ‘డబ్లినీయులు’ వద్దండి. ‘ఈయ’ సంస్కృత ప్రత్యయం. భారతీయులు, వంగీయులు అన్నట్టు సంస్కృత పదాల మీద హాయిగా కుదురుతుంది. చైనీయులు, జపనీయులు లాంటివి రోజూ వార్తల్లో విని విని అలవాటయ్యాయి, పైగా అవి దేశాల పేర్లు. ఊరి పేరు మీద దీన్ని అతికిస్తే నోరు తిరగదు. మీ ఊళ్లో ఎవరైనా ‘తెనాలీయులం’ అంటారా? ‘డబ్లినర్లు’ తప్పు కాదు, అమెరికన్లు, రష్యన్లు అన్న దారిలోనే ఉంది. కాకపోతే ‘అమెరికన్’ మన చెవికి ముందే తెలిసిన మాట. ‘డబ్లినర్’ అలా కాదు. ఆ పుస్తకం సంగతి తెలియనివాళ్లకు అది మనుషుల్ని చెప్పే మాటని కూడా తట్టదు.

‘డబ్లిన్ వాసులు’ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. వ్యాకరణపరంగా వంక పెట్టడానికి లేదు. నగరవాసులు, గిరివాసులు అని రోజూ రాస్తూనే ఉన్నాం. కానీ వాసి అంటే అక్కడ ఉంటున్నవాడు, అంతే. ఉద్యోగం కోసం వచ్చి మియాపూర్‌లో రెండేళ్లుగా అద్దెకుంటున్న కుర్రాడు హైదరాబాద్ వాసే. కరెంటు బిల్లు ఆ అడ్రసుకే వస్తుంది. అదే కుర్రాణ్ని సంక్రాంతి రైల్లో పక్క సీటాయన ‘‘మీదే ఊరు బాబూ?’’ అని అడిగితే ‘‘మాది తెనాలండి’’ అంటాడు. పాతికేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నావిడ కూడా అదే మాట అంటుంది. ఆ ‘మాది’లో ఉన్నది నివాసం కాదు, ఊరితో ఉన్న సంబంధం. ఆ సంబంధాన్ని మోసే మాట తెలుగులో ‘వాడు’, ‘వాళ్లు’: తెనాలి వాడు, తెనాలి వాళ్లు.

ఈ ‘వాళ్లు’ ఎంత పని చేస్తుందో పెళ్లింట్లో చూడండి. ‘‘నెల్లూరు వాళ్లు దిగారు, కాఫీలు పంపండి’’ అని పెద్దావిడ కేకేస్తే నెల్లూరు జనమంతా వచ్చారని కాదు, మగపెళ్లివారు వచ్చారని. ఊరి పేరే ఆ మనుషులకు పేరైపోయింది. ‘వారు’ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త పడాలి, అది ఇంటిపేరుతో కలిసిపోతుంది. కవి శేషేంద్రశర్మ ఇంటిపేరును బట్టి గుంటూరు వారు, పుట్టింది నెల్లూరు జిల్లాలో. అందుకే మీ వ్యాసంలో ‘డబ్లిన్ వారు’ కన్నా ‘డబ్లిన్ వాళ్లు’ మేలు. ఆ కథల భాషకూ అదే దగ్గర. మాటల్లో కావాలనే పిసినారితనం పాటించానని జాయిస్ స్వయంగా రాశాడు.

ఇంతగా ఎందుకు పట్టుకున్నానంటే, ఈ పేరు మీద జాయిస్‌కే పట్టింపు ఉంది. 1905 అక్టోబరులో లండన్ ప్రచురణకర్త గ్రాంట్ రిచర్డ్స్‌కు ఉత్తరం రాస్తూ, ‘డబ్లినర్’ అన్న మాటకు ఏదో అర్థం ఉందని తనకు అనిపిస్తోందని, ‘లండనర్’, ‘పారిసియన్’ అన్న మాటల గురించి అలా చెప్పగలమా అన్నది అనుమానమేనని అన్నాడు. ఆ ఉత్తరం రాసేనాటికి ఆయన డబ్లిన్ వాసి కాదు! ఏడాది ముందే, 1904 అక్టోబరులో, ప్రేయసి నోరా బార్నకల్‌తో ఊరు వదిలి వెళ్లిపోయాడు. ఉంటున్నది ట్రియెస్ట్‌లో, అప్పట్లో ఆస్ట్రియా-హంగరీకి చెందిన రేవు పట్టణంలో. ఈ పుస్తకంలోని కథలు చాలావరకు అక్కడ రాసినవే. అన్నిటికన్నా పెద్దదైన ‘ది డెడ్’ కథను 1907లో అక్కడే రాశాడు. నివాసం బట్టి చూస్తే ఆయన ట్రియెస్ట్ వాసి, రాసినవన్నీ డబ్లిన్ వాళ్ల కథలు. ‘వాసులు’ అన్న మాట నాకు చాలదనిపించేది ఇక్కడే.

ఆ పుస్తకం బయటికి రావడానికి పట్టిన కాలం తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టమనిపిస్తుంది. జాయిస్ డబ్లిన్‌లో ఉండగానే ‘ది ఐరిష్ హోమ్‌స్టెడ్’ అనే రైతుల సహకార పత్రిక ఆయన కథలు వేయడం మొదలుపెట్టింది. 1904లో మూడు కథలు వచ్చాయి. పాఠకుల నుంచి ఫిర్యాదులు రావడంతో ఇక చాలన్నారు. 1905 చివర్లో 12 కథలు రిచర్డ్స్‌కు పంపాడు. ఆయన ఒప్పుకున్నాడు, 1906లో ఒప్పందమూ అయింది. అభ్యంతరం ప్రింటరు నుంచి వచ్చింది. అప్పటి ఇంగ్లండ్ చట్టంలో అశ్లీలమని కేసు పెడితే రాసినవాడితో పాటు అచ్చువేసినవాడూ ఇరుక్కుంటాడు. కాబట్టి ప్రింటరు వద్దంటే వద్దన్నట్టే.

అభ్యంతరాల్లో ఒకటి ‘బ్లడీ’ అనే మాట. అనువాదకులకు ఇది మంచి పాఠం. ‘ది బోర్డింగ్ హౌస్’ కథలో జాక్ మూనీ అనే కుర్రాడు తన చెల్లెలి జోలికి ఎవడైనా వస్తే పళ్లు గొంతులోకి దిగ్గొడతానని ఈ తిట్టు కలిపి అంటాడు. జాయిస్ ఆ మాట తీయనన్నాడు, పాఠకుడి మీద తనకు కావలసిన ప్రభావాన్ని అది తప్ప ఇంకే మాటా కలిగించలేదని వాదించాడు. దీన్ని నెత్తురుతో అనువదిస్తే ఏమీ మిగలదు. ఇంగ్లీషులో ఆ తిట్టు క్రియ మీద పడింది. తెలుగులో తిట్టు మనిషి మీద పడాలి. మన కుర్రాడు అదే కోపంలో ఉంటే ‘‘మా చెల్లి జోలికొస్తే ఒక్కొక్క నా కొడుకు పళ్లు రాలగొడతా’’ అంటాడు. ఇంకో సంగతి, ఇంగ్లీషులో ‘సిస్టర్’ అని ఊరుకుంటే సరిపోతుంది. తెలుగులో అక్కో చెల్లెలో తేల్చుకోక తప్పదు. కథలో జాక్ తోబుట్టువు పాలీకి పంతొమ్మిదేళ్లే కాబట్టి ‘చెల్లి’ అన్నాను.

1906 సెప్టెంబరులో రిచర్డ్స్ వెనక్కి తగ్గాడు. 1909లో డబ్లిన్‌లోనే మాన్సెల్ అనే ప్రచురణ కంపెనీ ఒప్పుకుంది. ఈసారి భయం వేరు. ఒక కథలో పాత్రలు బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ గురించి చులకనగా మాట్లాడుకుంటాయి, కథల్లో ఊళ్లోని దుకాణాలూ పబ్బులూ అసలు పేర్లతోనే ఉన్నాయి. 1911లో జాయిస్ ఆ రాజుగారి కొడుకు అయిదో జార్జికే ఉత్తరం రాశాడు, ఈ వాక్యాలు మీ తండ్రిగారి స్మృతికి అవమానమా అని. అలాంటివాటి మీద అభిప్రాయం చెప్పడం రాజుగారి ఆనవాయితీ కాదని కార్యదర్శి జవాబిచ్చాడు. 1912లో జాయిస్ స్వయంగా డబ్లిన్ వచ్చి వారాల తరబడి తిరిగాడు. సెప్టెంబరులో ప్రింటరు జాన్ ఫాల్కనర్ అచ్చయిన వెయ్యి ప్రతుల కాగితాలను నాశనం చేసేశాడు. జాయిస్ చేతిలో మిగిలింది ఒక్క ప్రూఫు కట్ట. వెంటనే ఊరు వదిలాడు. దారిలో రైల్లో, మాన్సెల్ ఒప్పంద పత్రం వెనకవైపే, ఆ ప్రచురణకర్తనూ ప్రింటరునూ దుమ్మెత్తిపోస్తూ పద్యం రాశాడు. 1941లో జ్యూరిచ్‌లో కన్నుమూసేదాకా మళ్లీ ఐర్లండ్‌లో అడుగుపెట్టలేదు.

చివరికి పుస్తకం వేసింది మళ్లీ గ్రాంట్ రిచర్డ్సే. 1914 జూన్ 15న 1,250 ప్రతులతో వచ్చింది. మొదటి 500 ప్రతులకు రాయల్టీ లేదని, 120 ప్రతులు రచయితే కొనాలని షరతు. ఆ ఏడాది చివరికి, జాయిస్ కొన్న 120తో కలిపి, అమ్ముడైనవి 499. రాయల్టీ మొదలవడానికి ఒక్క ప్రతి తక్కువ! సమీక్షకుల్లో చాలామంది ప్రతిభను ఒప్పుకుంటూనే ఇంత దిగులు, ఇంత మురికి అవసరమా అన్నారు. అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ ఒక్కడు గట్టిగా నిలబడ్డాడు. ఊరి పేర్లూ, అక్కడివాళ్లకే తెలిసే ఒకటి రెండు ప్రస్తావనలూ చెరిపేస్తే ఇవి ఏ నగరం గురించైనా చెప్పదగిన కథలే అని రాశాడు. మెచ్చుకోలుగా అది నిజం. అయినా ఆ పేర్లు చెరపనందుకే కదా జాయిస్ తొమ్మిదేళ్లు తిరిగింది!

మన పుస్తకాల పేర్లతో పోల్చి చూస్తే ఇంకో తేడా కనిపిస్తుంది. ‘అమరావతి కథలు’, ‘మా పసలపూడి కథలు’ అని మనం ఊరిని ముందు పెట్టి ‘కథలు’ చేరుస్తాం. జాయిస్ ఊరి పేరు పెట్టలేదు, మనుషుల పేరు పెట్టాడు. ఆ పనిని తెలుగులో అందంగా చేసినవాడు కథకుడు నామిని. మిట్టూరివాడు అన్నది చిత్తూరు సీమ నోట ‘మిట్టూరోడు’ అయి, ‘మిట్టూరోడి పుస్తకం’ అని అట్ట మీదికి ఎక్కింది. డబ్లినర్ అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి చుట్టం నాకు తెలుగులో దొరకలేదు. ఊరు, ఊరి అయినట్టు, పలనాడు, పలనాటి అయినట్టు డబ్లిన్ రూపం మారదు కాబట్టి ‘డబ్లిన్ వాడు’, ‘డబ్లిన్ వాళ్లు’ అని విడిగా రాస్తే సరి. బహువచనంలో ఇంకో సౌకర్యం ఉంది. ‘వాడు’ మగవాళ్లకే సరిపోతుంది. ‘వాళ్లు’లో ఈ కథల్లోని ఆడవాళ్లు ఎవెలీన్, మరియా, గ్రెటా కూడా చేరిపోతారు.

సంభాషణలు ఉటంకించే ముందు మీ దగ్గరున్న ప్రతి ఏదో చూసుకోండి. కొటేషన్ గుర్తులంటే జాయిస్‌కు కంటగింపు, మాటల ముందు చిన్న గీత చాలనేవాడు. 1914 ప్రతిలో కొటేషన్లే వేశారు. 1967లో రాబర్ట్ స్కోల్స్ పరిష్కరించిన ప్రతిలో గీతలు తిరిగొచ్చాయి. మీరు చదివిన ప్రతిలో ఎలా ఉంటే అలాగే దించండి.

మీ వ్యాసంలో మొదటిసారి పుస్తకం పేరు చెప్పేటప్పుడు ‘డబ్లినర్స్’ అనే ఉంచి, ‘అంటే డబ్లిన్ వాళ్లు’ అని పక్కనే రాయండి. తర్వాత మనుషుల గురించి చెప్పిన ప్రతిచోటా డబ్లిన్ వాళ్లు అనండి. ‘డబ్లినర్స్‌లు’ అని మాత్రం వద్దు, ‘స్’లోనే బహువచనం ఉంది. ఇక క్రియ సంగతి. పుస్తకం ఒకటి కాబట్టి ‘డబ్లినర్స్ 1914లో వచ్చింది’ అన్నదే సరి. కథలను విడివిడిగా తలచుకుంటే ‘వచ్చాయి’. సత్యం శంకరమంచి అమరావతి కథలు ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చాయి, తర్వాత ‘అమరావతి కథలు’ పుస్తకంగా వచ్చింది. అలాగే, 1904లో పత్రికలో మూడు కథలు వచ్చాయి, పదేళ్లకు ‘డబ్లినర్స్’ వచ్చింది.