రెండు విండోలు, ఒక్క మౌస్

ప్రశ్న: ఆన్‌లైన్ గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒకేసారి ఐదు అకౌంట్లు ఆడాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఐదొద్దు, రెండుతో మొదలుపెట్టండి. నేను ఆశకు పోయి మొదటిరోజే నాలుగు తెరిచాను. ఒకడితో కొట్టిస్తుంటే మిగతా ముగ్గురూ గోడకేసి నడుస్తున్నారు! రెండోవాడిగా వైద్యం చేసే పాత్రను తీసుకోండి. రెండోవాడి విండోలో మొదటివాణ్ని టార్గెట్ చేసి (అంటే ఎంచుకుని) చాట్‌లో ‘స్లాష్ ఫాలో’ (/follow) కొడితే వెనకే వచ్చేస్తాడు. గేమ్‌ను విండో మోడ్‌లో పెట్టి ఆల్ట్-ట్యాబ్‌తో మారండి. వెనకున్న విండోకి ఫ్రేమ్ రేటు (సెకనుకి చూపించే బొమ్మల సంఖ్య) 30కి తగ్గిస్తే కంప్యూటర్‌కి కాస్త ఊపిరాడుతుంది.

ఒక్క కీ నొక్కితే అన్ని అకౌంట్లకీ వెళ్లే సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోకండి. 2020 నవంబరులో ఈ గేమ్ కంపెనీ బ్లిజార్డ్ దాన్ని నిషేధించింది. ఒకటికి మించి అకౌంట్లు ఉండొచ్చు గానీ, ప్రతి కీ మీ వేలే నొక్కాలి. అన్నట్టు, చందా దేనికది విడిగా కట్టాల్సిందే.