గీత గీసే ముందు గట్టు మీద కూర్చో

చి. అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న ఫోన్ చేసి నీ ప్రాజెక్ట్ సంగతి చెప్పాడు. బెంగళూరు పక్కనున్న బన్నేరుఘట్ట నుంచి తమిళనాడు వైపు తళి, జవళగిరి అడవుల దాకా ఏనుగులు తిరిగే దారులన్నీ మ్యాప్ చేస్తావట, రెండేళ్ళు అదే పనట. నాకెంత గర్వంగా ఉందో బనశంకరిలో నాతో వాకింగ్‌కి వచ్చేవాళ్ళందరికీ ఈపాటికే తెలిసిపోయింది. కానీ అప్పటి నుంచీ ఒకటే టెన్షన్. ఆనేకల్ తాలూకాలో సర్వే గొలుసు పట్టుకుని నా ఉద్యోగమంతా తిరిగినవాణ్ణి. చీకటి పడ్డాక ఆ దారులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

మామూలు విషయాలు మీ గైడ్ చెప్పే ఉంటారు. అటవీ శాఖ ఆఫీసు అరణ్య భవన్ నుంచి అనుమతి కాగితం చేతికి రాకుండా అడవిలో అడుగు పెట్టకు. పాము కాటుకి మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే కనుక్కుని పెట్టుకో. అంతే.

వాళ్ళు చెప్పి ఉండరేమో అనిపించేది నేను చెప్తాను. రాగి కోతల కాలంలో సాయంత్రం ఐదు దాటాక ఆ రోడ్ల మీద టూ వీలర్ నడపొద్దు. మలుపు తిరిగిన చోట తారురోడ్డు మీద ఏనుగు నిలబడి ఉంటే హెడ్‌లైట్ వెలుగులో కూడా మీదకి వచ్చేదాకా తెలియదు. గుంపు దాటిపోయింది కదా అని బండి స్టార్ట్ చేస్తారు. వెనకబడ్డ తల్లీ పిల్లా అప్పుడే గట్టు దిగుతుంటాయి. ఇంకొకటి, చేల చుట్టూ ఉన్న తీగల్ని ముట్టుకోకు. సోలార్ కంచె అయితే ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది. కొందరు మాత్రం మెయిన్ లైను నుంచి దొంగతనంగా కరెంటు లాగుతారు. పగలు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నువ్వు ఒక్కదానివే వెళ్ళనని నాకు మాట ఇవ్వాలి. మీ నాన్నకి ఇచ్చిన మాట వేరు, నాకు వేరుగా ఇవ్వు.

పండక్కి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో చూపించావు గుర్తుందా? నేలనంతా చిన్న చిన్న గళ్ళు చేసి, ఒక్కో గడిని దాటడం ఏనుగుకి ఎంత కష్టమో ఒక అంకె వేస్తామన్నావు. అడవికి చిన్న అంకె, ఇళ్ళకీ రోడ్లకీ పెద్ద అంకె. సర్క్యూట్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఆ గళ్ళలోంచి కరెంటు పారించినట్టు లెక్క కట్టి, ఎక్కడ దారి ఇరుకైపోయిందో ఎర్రగా చూపిస్తుందన్నావు. నాకు చాలా నచ్చింది. మా రోజుల్లో అలాంటిది ఉంటే ఎంత బాగుండేదో. కానీ ఆ అంకెలు ఎవరు వేశారే అంటే 'ఎక్స్‌పర్ట్ ఒపీనియన్' అన్నావు. నాకు అక్కడే గుబులు పట్టుకుంది. అన్నిటికంటే సులువైన దారి చూపించమంటే కంప్యూటర్ ఏదో ఒకటి చూపించి తీరుతుంది, అసలు దారే లేని చోట కూడా. అది ఏనుగు నడిచే దారా కాదా అన్నది లద్దెలు చెప్పాలి, అడుగులు చెప్పాలి, ఆ చేలవాళ్ళు చెప్పాలి.

ఒక్కో గడికి ఒక్క అంకె కూడా చాలదమ్మా. పగలు మనుషులు పనిచేసే రాగి చేనులోకి ఏనుగు రాదు. రాత్రి రెండింటికి అదే చేను దానికి దారీ, తిండీ రెండూను. నీలగిరి తోపు శాటిలైట్ బొమ్మలో అడవిలాగే పచ్చగా కనిపిస్తుంది. దాంట్లో తినడానికి ఏమీ ఉండదు గానీ, పగలంతా దాక్కోవడానికి గుంపుకి అదే ఆసరా. ఆ తోపు నరికేస్తే ఆ ఏడు నడక మొత్తం మారిపోతుంది. అందుకని పగటికొక పటం, రాత్రికొక పటం, రాగి కాలానికి వేరు, ఎండాకాలానికి వేరు. పని పెరుగుతుందని విసుక్కోకు.

ఇక నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిందే ఈ సంగతి చెప్పడానికి. చాలా ఏళ్ళ క్రితం ఒక బృందం ఇదే పని మీద మా వైపు వచ్చింది. చదువుకున్నవాళ్ళు, మంచివాళ్ళు, ఏనుగులంటే ప్రాణం పెట్టేవాళ్ళు. సర్వే నంబర్లు చూపించడానికి నన్ను తోడు పంపారు. రెండు అడవి ముక్కల మధ్య కొన్ని చేలు, ఒక చెరువు, అంతే ఉండేది. వాళ్ళు పగలే జీపులో తిరిగారు, గార్డు చెప్పింది రాసుకున్నారు, టోపోషీట్ అనే సర్వే పటం మీద స్కేలు పెట్టి ఈ అడవి నుంచి ఆ అడవికి ఒక పట్టీ గీశారు. చేలవాళ్ళతో మాట్లాడదాం సార్ అన్నాను. రిపోర్ట్ అయ్యాక మీటింగ్ పెడదామన్నారు.

ఆ చెరువు కట్ట కింద ఒక పెద్దావిడకి ఎకరం రాగి చేను ఉండేది. మంచినీళ్ళు అడిగితే ఇచ్చింది. పటం మీద మా వేళ్ళు ఎటు పోతున్నాయో చూసి "అటు కాదు నాయనా, ఇటు" అని కట్ట వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడొక కానుగ చెట్టు. మొదలు ఒకవైపు నున్నగా అరిగిపోయి ఉంది. దానికి ఎండిన చెరువు మట్టి, నేను చెయ్యెత్తినా అందనంత ఎత్తు దాకా. దాని పక్కన కంచె రాతికూసాలు రెండు ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి. గుంపు తూము పక్క నుంచి ఎక్కి, చెట్టుకి ఒళ్ళు రుద్దుకుని, ఆ రెండు కూసాల మధ్య నుంచి పోయేదట. ఆవిడ ఆ సందులో తీగ కట్టడం ఎప్పుడో మానేసింది. "కడితే కంచె మొత్తం పీకుతాయి, వదిలేస్తే రెండు సాళ్ళు తొక్కి పోతాయి" అంది. బృందంలో ఒక్కరూ ఆ మాట రాసుకోలేదు. వాళ్ళు గీసిన పట్టీ ఆ చెట్టుకి అరకిలోమీటరు అవతల నుంచి పోయింది.

తర్వాత ఆ పటం జెరాక్స్ కాపీలు బయటికి వచ్చాయి. పట్టీ ఎవరి చేను మీద పడిందో జనం వేలు పెట్టి చూసుకున్నారు. గవర్నమెంటు భూములు లాక్కుంటుందట, బ్యాంకు లోన్ ఇవ్వదట, రిజిస్ట్రేషన్లు ఆపేస్తారట. వీటిలో ఒక్కటీ ఆ రిపోర్టులో లేదు. లేదని చెప్పడానికి మాత్రం ఆ బృందం మళ్ళీ రాలేదు. బ్రోకర్లు వచ్చారు. భయపడ్డవాళ్ళు వచ్చిన ధరకి అమ్ముకున్నారు. ఆ భయం పట్టీ పక్కనున్న చేలకీ పాకింది, పెద్దావిడ కొడుకూ అమ్మేశాడు. కొన్నాళ్ళకి సరిగ్గా ఆ ఇరుకు చోటే ఫామ్‌హౌస్‌లు, వాటి చుట్టూ కాంపౌండ్ గోడలు లేచాయి. ఆ రెండు కూసాల చోట ఇనుప గేటు పడింది. ఏనుగులు రావడం మానలేదు, పక్క ఊరి మీదుగా తిరిగాయి. ఆ ఊళ్ళో మంచె కట్టుకుని కాపలా కాసే అలవాటే లేదు. ఆ ఏడు వాళ్ళ కళ్ళాల్లోకి రాగులు రాలేదు. అడవిని కాపాడదామని వచ్చినవాళ్ళ పటం వల్లే దారి మూసుకుపోయింది అమ్ములూ. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మీ అమ్మమ్మ వాళ్ళ కుప్పం వైపు జరిగిందీ తెలుసుకో. 1980లలో గుంపులు ఇటు హోసూరు అడవుల నుంచే కుప్పం, పలమనేరు వైపు దాటాయి. అప్పటికి ఆ నేల మీద ఏనుగు తిరిగి తరాలు గడిచిపోయాయి. కౌండిన్య అభయారణ్యం ఆ తర్వాత వచ్చింది. మధ్యలో నలిగింది రైతులూ ఏనుగులూ.

కాబట్టి నువ్వు గీత గీసే ముందు, అది పడబోయే ప్రతి సర్వే నంబరూ తియ్యి. పహణీలో పేరు ఒకరిది ఉంటుంది, దున్నేది ఇంకొకరు. ఇద్దరి గట్ల మీదా కూర్చో. గోమాళం (పశువుల మేతకి వదిలిన నేల), ఖరాబు (సాగుకి రాని నేల), గుండుతోపు (ఊరుమ్మడి చెట్ల తోపు), రాజకాలువ (వాన నీళ్ళు పోయే పెద్ద కాలువ), వీటికి వేరే రంగు వెయ్యి. ఎవరి పొట్టా కొట్టకుండా దారికి మిగుల్చుకోగలిగిన నేల అదే, అందరికంటే ముందు ఆక్రమించుకునేదీ అదే. ప్రైవేటు భూమి తప్పదంటే బిళిగిరి రంగన కొండల దగ్గర ఎడెయారహళ్ళి–దొడ్డసంపిగె దారి సంగతి చదువు. అక్కడ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా పాతిక ఎకరాల చిల్లర కొని అటవీ శాఖకి అప్పగించింది.

లిస్టులో పేరెక్కితే పని అయిపోయిందనుకోకు. 2017లో అచ్చయిన జాబితాలో దేశం మొత్తం మీద 101 ఏనుగు కారిడార్లు, అంటే అడవికీ అడవికీ మధ్య దారులు, ఉన్నాయి, 2023లో కేంద్రం లెక్కలో అవి 150. బన్నేరుఘట్ట చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్, అంటే అడవి కాపుదలకి ఆంక్షలు పెట్టే పట్టీ, 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లు ఉండేది. 2020లో నోటిఫై అయ్యేసరికి 168.84 మిగిలింది. అడవే 260 చదరపు కిలోమీటర్లు, దాని కాపుదల వంద తగ్గింది. నువ్వు ఎర్రగా చూపించే ఇరుకు చోట్లలో ఎన్ని ఆ గీత బయట పడ్డాయో లెక్క తియ్యి, ఎవరూ కాదనలేని పని అది. నీలగిరి జిల్లా సిగూరు కేసులో 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఏనుగుల దారిని నిలబెట్టింది, భూముల వాళ్ళ అభ్యంతరాలు వినడానికి కమిటీనీ వేసింది. ఆ తీర్పు మొత్తం చదువు. పటాల మీద ఎంత వాదన నడిచిందో చూస్తే నీ ఒక్కో గీత విలువ నీకే తెలుస్తుంది.

ఏనుగుకి సరిపోయింది అన్నిటికీ సరిపోతుందని కూడా రాయకు. దేవాంగ పిల్లి (చెట్ల మీదే బతికే చిన్న జంతువు, స్లెండర్ లోరిస్ అంటారు) దూకలేదు, కొమ్మకి కొమ్మ తగిలితేనే ముందుకి పోగలదు. రోడ్డు వెడల్పు చేసి రెండు వైపులా చెట్లు కొట్టేస్తే దానికి లోకం అక్కడితో ఆఖరు. ఏనుగు మెడకి కట్టిన రేడియో కాలర్ చూపించే చోట్లు ఎవరడిగినా నెట్‌లో పెట్టకు, వేటగాళ్ళకి కూడా ఇంటర్నెట్ ఉంటుంది.

పటం బయట పెట్టడానికి ముందు ఒక్క పేజీ కాగితం రాయాలి. ఈ పటం వల్ల ఏమవుతుంది, ఏమవదు, పంట పోతే పరిహారానికి ఎవరిని అడగాలి అని కన్నడలో, తమిళంలో, తెలుగులో. ఇంటింటికీ అది చేరాకే పటం తియ్యి. సందేహాలుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో కింద రాయి, ఆ ఫోన్ ఎత్తు. తెలుగు పేజీ నేను రాసిపెడతాను. మన ఊరి పాత గ్రామ పటం కాపీ నా దగ్గరుంది, ఇప్పుడు లేఅవుట్ల కింద పోయిన కాలువలూ తోపులూ అందులో ఉన్నాయి. ఆదివారం లాప్‌టాప్ తెచ్చుకో, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. భోజనం ఇక్కడే, పెద్దమ్మ ఉలవచారు కాస్తానంటోంది.

నీ పెదనాన్న